పట్నంలో మన కొలత ఏది?



మా హాస్టళ్లలో చదివి హైదరాబాద్‌లో పనికి కుదిరిన పిల్లలు ఫోన్ చేసినప్పుడు తరచూ ఒకే మాట వింటుంటాం. "జీతం వస్తోంది మేడం, కానీ మనసు బాగాలేదు." ఊళ్లో కన్నా నాలుగు డబ్బులు ఎక్కువే చేతికొస్తున్నా ఈ వెలితి ఎందుకు?

ఇది మన ఒక్కరి సంగతే కాదు. చైనాలో కోట్ల మంది పల్లెలు విడిచి నగరాలకు పనికి వెళ్లారు. జాన్ నైట్, రమణి గుణతిలక అనే పరిశోధకులు 2002 నాటి సర్వేను పరిశీలించి, 2010లో తమ అధ్యయనం ప్రచురించారు. వలస వెళ్లినవారి ఆదాయం పల్లెవాసుల కన్నా ఎక్కువ. సంతోషం మాత్రం సగటున తక్కువ. పోల్చుకునే మనుషులు మారడం అందుకు ఒక ముఖ్య కారణమని వారు చెప్పారు. ఊళ్లో ఇరుగుపొరుగుతో పోల్చుకున్నవారే నగరానికి వెళ్లాక నగరవాసులతో పోల్చుకున్నారు. జీతం కన్నా ఆశలు ముందు పరుగెత్తాయి.

మన పిల్లల సంగతీ చూడండి. గూడెంలో ఇళ్లన్నీ ఇంచుమించు ఒకేలా ఉంటాయి. పట్నంలో కిటికీ తెరిస్తే ఎదురుగా పెద్ద అపార్ట్‌మెంట్. పక్క గదివాళ్ల బండి చూసి మనమూ కిస్తీల మీద బండి తీసుకుంటాం. ఇంటికి పంపే డబ్బు తగ్గుతుంది. అమ్మకు ఏం చెప్పాలో తెలియక ఫోన్ మానేస్తాం. దండారికి రాము. చివరికి నలుగురిలో గోండి మాట్లాడటానికీ సిగ్గుపడతాం. మాకు భయం ఇక్కడే.

పోల్చుకోవడమే తప్పని మేము అనడం లేదు. అదే పనికి పక్కవారికి ఎక్కువ, మీకు తక్కువ ఇస్తే అది అన్యాయం. నలుగురు కలిసి అడగండి. కనీస వేతనం మీ హక్కు. పక్కింటి బండితో మాత్రం మీ బతుకును కొలవకండి. బయలుదేరిన చోటు నుంచి ఎంత దూరం వచ్చారో కొలవండి.

గది వెతికేటప్పుడు అద్దె ఒక్కటే చూడకండి. జ్వరమొస్తే తలుపు తట్టే మనిషి దగ్గర్లో ఉన్నారా అని చూడండి. ఇరుగుపొరుగు ఎవరైనా సరే, మీరే ముందు పలకరించండి. బంజారాహిల్స్‌లో 2022లో ప్రారంభమైన కుమ్రం భీం ఆదివాసీ భవన్ ఉంది. అక్కడ మనవాళ్ల సభలు జరిగితే వెళ్లండి.

పుష్య అమావాస్యకు నాగోబా జాతరలో కలుద్దాం. కెస్లాపూర్‌కు కారులో వచ్చినా, బస్సులో వచ్చినా మీరు మా పిల్లలే.

జై కుమ్రం భీం!