బండి మాట్లాడినవాడికి బాధ్యత లేదా?
(తిరుమలగిరి సభలో చేసిన ప్రసంగం)



బోయిన్‌పల్లి మార్కెట్‌కు కూరగాయలు తెచ్చేవాళ్లం మనం. సాయంత్రం బ్రోకర్‌కు ఫోన్ చేస్తాం, డీసీఎం వస్తుంది, టమాట బాక్సుల మీదే కూర్చుని రాత్రంతా వస్తాం. డ్రైవర్‌కు నిద్ర ఉందో లేదో ఎవరూ అడగరు. కమీషన్ తీసుకునేదాకా బ్రోకర్ మనవాడే. బండి బోల్తా పడితే "నేను బండి మాట్లాడిచ్చిన, అంతే" అంటాడు.

అంతే కాదు. 2007 రోడ్డు రవాణా చట్టం బ్రోకర్‌ను, ఏజెంటును కూడా రవాణాదారుగానే లెక్కించింది. రిజిస్టర్ చేసుకోవాలి, సరుకు రసీదు ఇవ్వాలి, సరుకు పాడైతే జవాబు చెప్పాలి. అయితే ఎక్కువ రిస్కు రేటు కడతామని ముందే ఒప్పుకోకపోతే కిరాయికి పది రెట్లకు మించి రాదు. బుక్ చేసిన రోజు నుంచి 180 రోజుల్లో నోటీసు ఇవ్వాలి. అసలు రసీదే అడగని మనం ఏం చూపిస్తాం? ఇందులో మన తప్పూ ఉంది.

ప్రాణం పోతే వేరే చట్టం. అక్కడ కేసు డ్రైవర్, ఓనర్, ఇన్సూరెన్స్ కంపెనీ మీద. బ్రోకర్ మామూలుగా పక్కకు తప్పుకుంటాడు. 1994 సవరణ తర్వాత సరుకు యజమానికి బీమా ఉంది. కానీ ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన కేసులో 2007లో సుప్రీంకోర్టు, క్యాబిన్‌లో కూర్చుంటేనే అన్నది. బాక్సుల మీద కూర్చునే మన సంగతేమిటి?

రవాణా శాఖ ఆఫీసు ఈ తిరుమలగిరిలోనే ఉంది. సోమవారం అందరం పోదాం. రిజిస్టరైన బ్రోకర్లు ఎవరో జాబితా మార్కెట్ గేటుకు అంటించమని అడుగుదాం.