మొదటి పాప్ ఎవరు చూడాలి?

ఉదయం నుంచి పత్రాలన్నీ విన్నాను. టెస్ట్ బెంచ్ ధర, సాఫ్ట్‌వేర్, సర్టిఫికెట్ నమూనా చుట్టూనే చర్చంతా తిరిగింది. రిలీఫ్ వాల్వులను ప్లాంటులోనే పరీక్షించుకోవాలని నేను ఇన్నేళ్లుగా పోట్లాడుతున్న అసలు కారణం ఎవరి నోటా రాలేదు. లైనులోంచి విప్పిన వాల్వు, ఎవరి చెయ్యీ పడకముందు, మొదటిసారి ఎంత ప్రెషర్‌కు లేచిందో, అంటే దాని మొదటి పాప్‌ను, మన కళ్లతో మనమే చూడాలి. నా పోట్లాటంతా ఇందుకే.

చదరపు సెంటీమీటరుకు 10 కేజీల దగ్గర సెట్ చేసిన వాల్వు బెంచ్ మీద మొదట 12కు లేచి, మళ్లీ పెట్టి చూస్తే సరిగ్గా 10కే లేచిందనుకోండి. చాలామంది రెండో అంకె రాసి ట్యాగ్ కట్టేస్తారు. నడుస్తున్న ప్లాంటుకు కాపలాగా ఉన్నది మాత్రం 12కు లేచే వాల్వు! డిస్కు సీటుకు అతుక్కుపోతోందనీ, టెస్టుల మధ్య గడువు తగ్గించాలనీ చెప్పేది ఆ మొదటి అంకే. వాల్వు ఒకసారి లేచాక ఆ సాక్ష్యం మళ్లీ దొరకదు. రిలీఫ్ వాల్వుల తనిఖీ మీద ఏపీఐ 576 చదివిన మీకు ఇది కొత్త సంగతి కాదు. అయినా మన రిజిస్టర్లలో ఆ గడి ఖాళీగానే ఉంటోంది.

బయటి షాపుకు పంపితే వాల్వు లారీలో అడ్డంగా పడి గతుకులన్నీ తింటుంది. అక్కడ ముందు కడిగి, విప్పి, లాపింగ్ చేసి, ఆ తర్వాతే టెస్ట్ చేస్తారు. మనం అడిగింది సర్టిఫికెట్టే కాబట్టి వాళ్లు సర్టిఫికెట్టే ఇస్తారు. విషపదార్థాల లైన్లలో శుద్ధి చేయకుండా వాల్వును ముట్టుకోకూడదు. అక్కడ నా వాదన ఆగుతుంది. మిగతా చోట్ల ఆగదు.

స్పిండిల్‌ను హైడ్రాలిక్‌గా లాగి లైను మీదే సెట్ ప్రెషర్ లెక్కగట్టొచ్చు కదా అని ఒక మిత్రులు ప్రతి సభలోనూ నాకు పాఠం చెబుతుంటారు. షట్‌డౌన్ దొరకని చోట అది మంచి పద్ధతే. అయితే ఇన్లెట్‌లో పేరుకున్న మడ్డిని, అవుట్‌లెట్‌లో పట్టిన తుప్పును అది చూపించదు. బెంచ్‌కు అది బదులు కాదని ఆ మిత్రులు ఈసారైనా ఒప్పుకోవాలి.

ఇక పరికరాలు. నైట్రోజన్ సిలిండర్, మంచి రెగ్యులేటర్, తగినంత పెద్ద రిసీవర్, సెట్ ప్రెషర్‌కు ఒకటిన్నర నుంచి 4 రెట్ల రేంజి ఉన్న గేజీలు, వాటిని సరిచూడటానికి డెడ్ వెయిట్ టెస్టర్ కావాలి. చిన్న రిసీవర్ మీద బ్లోడౌన్ ఇంత వచ్చిందని రాసే రిపోర్టును నేను నమ్మను. అంత కొద్ది గ్యాసుతో వాల్వు పూర్తిగా లేవనే లేవదు.

బెంచ్ కొన్నంత ఉత్సాహం శిక్షణలో కనిపించదు. సెట్ ప్రెషర్‌లో 90 శాతం దగ్గర నిలిపి, గొట్టం చివర నీళ్లలో అర అంగుళం ముంచి, నిమిషానికి ఎన్ని బుడగలొస్తున్నాయో లెక్కపెట్టడం ఓపికతో కూడిన పని. 70 కేజీల వరకు సెట్ ప్రెషర్ ఉన్న మెటల్ సీటు వాల్వుల్లో ఎఫ్ ఆరిఫీసుకు, అంతకన్నా చిన్నవాటికి 40 బుడగలు, పెద్దవాటికి 20 దాటకూడదు. ఎంతమంది సూపర్‌వైజర్లు ఆ నిమిషం పూర్తిగా నిలబడతారు? లేచిన వాల్వు మళ్లీ గట్టిగా మూసుకోవడమూ అంతే ముఖ్యం. 1979 మార్చి 28న త్రీ మైల్ ఐలాండ్ అణువిద్యుత్ కేంద్రంలో రిలీఫ్ వాల్వు తెరుచుకుంది, మూసుకోలేదు.

నాకు పని నేర్పిన ఫిట్టర్‌కు ఇంగ్లీషు రాదు. వాల్వు బెంచ్ ఎక్కగానే అందర్నీ పక్కకు జరిపి, మెల్లగా ప్రెషర్ ఎక్కించి, లేచిన అంకెను సుద్దముక్కతో బాడీ మీదే రాసేవాడు. అది రిజిస్టర్‌లోకి ఎక్కేదాకా స్పానర్ పట్టనిచ్చేవాడు కాదు. అలాంటివారి కోసం తెలుగులో ఒక పనిపుస్తకం రాద్దామని నేనెప్పటినుంచో అడుగుతున్నాను. 1923 నాటి బాయిలర్ల చట్టం పోయి 2025 చట్టం వచ్చింది. మిర్యాలగూడ ఉప్పుడు బియ్యం మిల్లులో బాయిలర్ చూసే మనిషి చేతికి మాత్రం అలాంటి పుస్తకం ఇంకా అందలేదు.

ఈ సభ ముందు నా తీర్మానం ఇది: ప్రతి ప్లాంటూ తన వాల్వుల మొదటి రీడింగులను, సర్వీసు, గడువు వివరాలతో సహా, కంపెనీ పేరు లేకుండా ఒక ఉమ్మడి రిజిస్టర్‌కు ఇవ్వాలి. చెడు అంకెలు బయటపెట్టడానికి యాజమాన్యాలు ఒప్పుకోవని కొందరు ఇప్పటికే నా చెవిన వేశారు. మధ్యాహ్నం చర్చలో ఆ అభ్యంతరాన్ని వేదికెక్కి చెప్పండి. జవాబు చెప్పడానికి నేను సిద్ధంగా ఉన్నాను.