సీటు కోసం తొందరపడే ముందు

(ఉపకార వేతనాల పంపిణీ సభలో చేసిన ప్రసంగ పాఠం)

ఈ రోజు ఉపకార వేతనాలు అందుకుంటున్న పిల్లలకు మా అభినందనలు.

ఈ సంతోష సమయంలోనే ఒక బాధ కూడా మీతో చెప్పుకోవాలి. నిరుడు బోలక్‌పూర్ నుంచి ఒక తండ్రి మా కార్యాలయానికి వచ్చారు. కూతురు ఇంటర్ పాసైంది. ఎప్‌సెట్ ర్యాంకు రాకముందే ఒక ఇంజనీరింగ్ కళాశాల వారు "సీట్లు అయిపోతున్నాయి" అన్నారట. ఈయన భార్య గాజులు తాకట్టు పెట్టి యాభై వేలు అడ్వాన్సు కట్టారు. టీసీ, మెమోలు కూడా ఇచ్చేశారు. తీరా ర్యాంకు చూస్తే కన్వీనర్ కోటాలోనే సీటు వచ్చేలా ఉంది. కానీ పరిశీలనలో చూపడానికి అసలు సర్టిఫికెట్లు చేతిలో లేవు. మేము వెంట వెళ్లి అవి తెచ్చేసరికి మొదటి విడత ముగిసింది. అమ్మాయికి రెండో విడతలో సీటు దొరికింది. గాజులు మాత్రం ఇంకా విడిపించలేదు.

ప్రైవేటు ఇంజనీరింగ్ కళాశాలల్లో 70 శాతం సీట్లు కన్వీనర్ కోటావి, 30 శాతం యాజమాన్యానివి. ఫీజు రీయింబర్స్‌మెంట్ కన్వీనర్ కోటాకే వర్తిస్తుంది. మన పిల్లలకు కుటుంబ వార్షికాదాయం పట్టణాల్లో 2 లక్షలు, గ్రామాల్లో లక్షన్నర దాటకూడదు. ముందే యాజమాన్య సీటు కొంటే ఆ సాయం పోయినట్టే.

కన్వీనర్ కోటాలోనూ జాగ్రత్త అవసరం. మొదటి విడతలో వచ్చిన సీటు నచ్చితే, చెప్పిన రుసుము కట్టి, గడువులోగా ఆన్‌లైన్‌లో సెల్ఫ్ రిపోర్టింగ్ చేసి అక్కడితో ఆగండి. రెండో విడతలో మళ్లీ ఆప్షన్లు పెట్టి కొత్త సీటు వస్తే, పాతది దానంతటదే రద్దవుతుంది. "నాకు మొదటిదే కావాలి" అంటే కుదరదు. చేతిలో ఉన్నదానికన్నా నిజంగా మేలైనవే రాయండి.

ఇప్పటికే ఎక్కడైనా డబ్బు కట్టినవారు అధైర్యపడకండి. తరగతులు మొదలుకాకముందే సీటు వదులుకుంటే వెయ్యి రూపాయలకు మించకుండా తీసుకుని మిగతాది తిరిగివ్వాలనీ, అసలు సర్టిఫికెట్లు అట్టిపెట్టుకోకూడదనీ ఏఐసీటీఈ నిబంధన. దరఖాస్తు రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి.

తప్పంతా ఆ తండ్రిదే అనలేము. అందులో మా పాలూ ఉంది. తల్లిదండ్రులకు భయం పట్టుకునేది ఏప్రిల్‌లో. మేము చెక్కులు పంచేది సెప్టెంబరులో. డబ్బు కన్నా ముందు సలహా అందించాల్సింది.

అందుకే వచ్చే ఏప్రిల్ నుంచి ప్రతి ఆదివారం జుహర్ నమాజు తర్వాత మా కార్యాలయంలో కూర్చుంటాం. ఆదాయ పత్రం, బీసీ-ఇ కిందికి వచ్చేవారైతే కుల పత్రం మీసేవలో ముందే తీసుకుని రండి. ఎక్కడైనా రూపాయి కట్టే ముందు ఒక్కసారి మమ్మల్ని అడగండి. సలహాకు రుసుము లేదు.

అల్లాహ్ మన పిల్లల చదువుల్లో బర్కత్ ఇవ్వాలి. ఆమీన్.