పట్టిన ట్రాక్టరు ఇంజనును విప్పుట
(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



తెలంగాణలో 2019లో పల్లె ప్రగతి ఆరంభమైన పిమ్మట గ్రామ పంచాయతీలకు ట్రాక్టరు, ట్రాలీ, నీళ్ల ట్యాంకరు సమకూడినవి. అట్టి బండి ఏదో మరమ్మతుకై ఆగి రెండు వానకాలములు చెట్టు క్రింద నిలిచినదనుకొనుడు. నిటారుగా నున్న సైలెన్సరు గొట్టము గుండా వాననీరు దిగి, తెరచియున్న వాల్వు దారిని సిలిండరులో చేరును. పిస్టను రింగులు తుప్పుతో గోడకు అంటుకొనును. అంతట "ఇంజను పట్టినది, పాత ఇనుము క్రింద వేలము వేయుద"మను మాట సభలో వినబడును. ఆ తీర్మానమునకు ముందు ఇంజనును విప్పి చూడవలెను. తుప్పునకు తట్టుకొన్న ఇంజను కూడ తొందరపడు వాని సుత్తికి తట్టుకొనజాలదు.

ఇనుము తుప్పుగా మారునపుడు దాని పరిమాణము పెరుగును. అందుచేత నట్టునకు, బోల్టునకు నడుమనున్న మరలలో తుప్పు మేకువలె బిగియును. బలముకొలది త్రిప్పినచో బోల్టు తల తెగి, మొండెము బ్లాకులో మిగులును. దానిని తొలిచి తీయుట పెద్ద పని. కావున తీగబురుసుతో మరలను శుభ్రపరచి, తుప్పు వదలించు పలుచని నూనె పోసి రాత్రియంతయు విడువుడు. మరునాడు మరల పోయుడు. బోల్టు తలపై నిటారుగా కొన్ని దెబ్బలు వేసినచో తుప్పు పొర పగులును. ఆరు మూలల సాకెట్టు వాడి, ముందు రవంత బిగించి, పిదప వదలు చేయవలెను.

అప్పటికిని కదలనిచో వేడి పెట్టవలెను. వేడి నట్టునకే గాని బోల్టునకు గాదు. నట్టు వ్యాకోచించి దాని రంధ్రము పెద్దదగును. ఆ వేడిమీద కొవ్వొత్తిని తాకించినచో మైనము కరగి మరలలోనికి ప్రాకును. అల్యూమినియము ఇనుముకంటె ఇంచుమించు రెట్టింపు వ్యాకోచించును గనుక దానికి కొద్ది వేడి చాలును. అది 660 డిగ్రీల వద్ద కరగును. ఇనుమువలె ముందుగా ఎర్రబడి హెచ్చరింపదు. మంట వెలిగించుటకు ముందు బ్యాటరీని, డీజిలును దూరముగా నుంచి, నూనె తడిని తుడిచివేయుడు. ఇసుక బకెట్టు దగ్గర నుండవలెను.

హెడ్డు బోల్టులను చివరలనుండి నడిమికి, కొంచెము కొంచెముగా వదలు చేయవలెను. హెడ్డు లేవనిచో ఉలిని సందులో దూర్చరాదు. అచ్చట గీత పడినచో ఎంత మంచి ప్యాకింగు వేసినను నీరు కారును. రబ్బరు సుత్తితో చుట్టును తట్టిన మంచిది.

పిస్టను సంగతి మరింత ఓర్పుతో కూడినది. నాజిలు రంధ్రములగుండా నూనె పోసి కొన్ని దినములు నాననిచ్చి, ఫ్లైవీలును ముందునకు వెనుకకు ఆడించుడు. కొందరు బండిని గేరులో నుంచి, వేరొక ట్రాక్టరుకు గొలుసు కట్టి లాగింతురు. సిలిండరులో నీరున్నచో కనెక్టింగు రాడ్డు వంగును. ఈ పనిని మాత్రము జరుగనీయకుడు. హెడ్డు తీసిన పిమ్మట సిలిండరు పైయంచున గట్టిపడిన మసిని గీకి, కొయ్య ముక్కను అడ్డు పెట్టియే పిస్టనును కొట్టవలెను. రాడ్డు క్యాపులు ఒకదానిది ఒకదానికి సరిపడవు. విప్పుటకు ముందే వానికి అంకెల గుర్తులు వేయించుడు.

చాల ట్రాక్టరు ఇంజనులలో లైనరులు మార్చదగినవి. పిస్టను ఎంతకును రానిచో లైనరుతో సహా లాగివేయవచ్చును. ఆ రెండును పోయినను బ్లాకు దక్కును. అది బీటవారినదో లేదో మెకానికుచేత సభ్యుల యెదుట చూపించుకొని, ఆ సంగతిని పుస్తకములో వ్రాయించిన పిమ్మట వేలమును గూర్చి చర్చించుడు.