జరీ దారంలో కరెంటు
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన తిరుపతి, చిత్తూరు వైపు సూదిని నమ్ముకుని బతికే ఇళ్లు చాలా ఉన్నాయి. జాకెట్లు, ఫాల్సు, మగ్గం వర్క్ అన్నీ మన ఆడవాళ్ల చేతి పనులే. జర్దోజీ అన్నది పారశీ మాట. జర్ అంటే బంగారం, దోజీ అంటే కుట్టు. ఇప్పుడు తిరుపతి జిల్లాలో ఉన్న వెంకటగిరి చీరల అంచున మెరిసేదీ జరీయే. అసలైన జరీ అంటే పట్టుదారానికి చుట్టిన సన్నని వెండి తీగ, దానిమీద బంగారు పూత. వెండిలో కరెంటు బాగా పారుతుంది. నేను చెప్పబోయే కొత్త విద్యకు మూలం ఇదే.

1990ల చివర్లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో రెహ్మీ పోస్ట్, మ్యాగీ ఆర్త్ అనే పరిశోధకులు లోహపు రేకు చుట్టిన దారాలతో నేసిన పట్టుగుడ్డను కరెంటు తీగలకు బదులు వాడి చూపించారు. అలాంటి గుడ్డ మన దేశంలో ఎన్నాళ్లనుంచో నేస్తున్నదే. 2007లో లియా బ్యూక్లీ రూపొందించిన లిలీప్యాడ్ అనే బోర్డు అమ్మకానికి వచ్చింది. అది గుడ్డకు కుట్టుకునే చిన్న కంప్యూటర్. మొదట నేర్చుకోవడానికి అదీ అక్కర్లేదు. స్టీలు దారమో, వెండిపూత నైలాన్ దారమో, 3 వోల్టుల బిళ్ల బ్యాటరీ, రెండు ఎల్‌ఈడీ దీపాలు ఉంటే చాలు.

దీపం కాళ్లను కటింగ్ ప్లయరుతో రింగుల్లా చుట్టి, బొత్తాం కుట్టినట్టు మూడు నాలుగు సార్లు బిగించి కుట్టాలి. ప్లస్‌కు ఒక వరస, మైనస్‌కు ఒక వరస. ఈ దారానికి పైన తొడుగు ఉండదు కాబట్టి రెండు వరసలూ ఒకదానికొకటి తగలకూడదు. తగిలితే దీపం ఆరుతుంది, బ్యాటరీ వేడెక్కుతుంది. ఉతికే ముందు బ్యాటరీ తీసేయాలి. పసిపిల్లలు మింగితే ప్రాణం మీదికొస్తుంది కాబట్టి దాన్ని మూత బిగుతుగా ఉన్న డబ్బీలోనే ఉంచాలి.

దీనితో రేపే ఆర్డర్లు వచ్చిపడతాయని నేను చెప్పను. అయితే రాత్రిపూట రోడ్డు అంచున తిరుమలకు నడిచిపోయే యాత్రికులను మనం చూస్తూనే ఉన్నాం. వాళ్ల సంచి వెనక ఒక ఎర్రదీపం ఉంటే లారీ డ్రైవరుకు దూరం నుంచే కనిపిస్తుంది. అలాంటి సంచి మన పిల్లలు కుట్టగలరు.

అంతకన్నా పెద్ద లాభం ఒకటుంది. పదో తరగతితో చదువు ఆగిన పిల్లకు ప్లస్, మైనస్ అనేవి పరీక్షకు బట్టీపట్టిన మాటలు. తన కుట్టులో దీపం వెలగకపోతే ఆ పిల్లే మీటరు పట్టి, దారం ఎక్కడ తెగిందో వెతుకుతుంది. అలా వెతకడం అలవాటైన పిల్ల మిషన్ మోటారు ఆగితే భయపడదు, ఐటీఐలో చేరమంటే వెనకాడదు.

ఏటా మీ చందాలతో కుట్టు మిషన్లు ఇస్తున్నాం. రెడీమేడ్ దుకాణాలు వీధివీధికీ వచ్చాక మిషన్ ఒక్కటే ఇల్లు నడపలేదు. దాంతోపాటు ఒక మల్టీమీటరు, ఒక ఉండ దారం, నేర్పే టీచరుకు మూడు నెలల జీతం ఇవ్వండి. ఏర్పేడు దగ్గర ఐఐటీ, తిరుపతిలో పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం ఉన్నాయి. అక్కడి విద్యార్థులను ఆదివారాలు వచ్చి నేర్పమని అడుగుదాం. మిషన్ తీసుకున్న చేతికి దాని వెనకున్న విద్య కూడా అందితేనే మీరిచ్చిన రూపాయి పూర్తిగా చేరినట్టు.