సైనికుని పింఛను హక్కు: అప్పీలు మన బాధ్యత
(మాజీ సైనికుల కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)





గణతంత్ర దినోత్సవం నాడు మన వేదికలపై బ్రిగేడియర్ ఉస్మాన్‌ను, పరమవీరచక్ర గ్రహీత అబ్దుల్ హమీద్‌ను స్మరించుకుంటాము. స్మరించుకోవలసినదే. అయితే అదే సైన్యంలో పదిహేను, ఇరవై ఏళ్లు పనిచేసి, నడుము దెబ్బతోనో, రక్తపోటుతోనో, మూర్ఛవ్యాధితోనో తిరిగివచ్చిన మన వీధి హవల్దారు పింఛను కాగితాలను చదివిపెట్టేవారు ఎందరు? ఆయన మరణించిన పిమ్మట ఆయన భార్య చేతిలోని ఉత్తరాన్ని విప్పి చూసేవారు ఎందరు? నేడు నేను ఆ కాగితాల గురించే మాట్లాడదలచాను.

వైకల్య పింఛను నిరాకరిస్తూ వచ్చే ఉత్తరంలో తరచుగా కనిపించే వాక్యం ఒకటి ఉంది: ఈ వ్యాధి సైనిక సేవ వల్ల కలిగినదీ కాదు, సేవ వల్ల తీవ్రమైనదీ కాదు. ఆంగ్లంలో ఉన్న ఆ వాక్యాన్ని చూసి, ప్రభుత్వమే కాదన్నాక ఇక చేయగలిగినదేమీ లేదని మనవారు దానిని పెట్టెలో దాచివేస్తారు. సోదరులారా, అది తుది తీర్పు కాదు. అక్కడినుంచే అప్పీలు ఆరంభమవుతుంది.

ధరంవీర్ సింగ్ అనే సైనికుడు 1985లో సైన్యంలో చేరాడు. మూర్ఛవ్యాధి వల్ల 20 శాతం వైకల్యంతో 1994లో ఇంటికి పంపబడ్డాడు. అది సేవకు సంబంధం లేని శరీరతత్వ వ్యాధి అని మెడికల్ బోర్డు వ్రాసింది, పింఛను రాలేదు. 2013లో సుప్రీంకోర్టు ఆయన పక్షాన తీర్పునిచ్చింది. చేరేనాటి పరీక్షలో వ్యాధి నమోదు కాకపోతే, అతడు ఆరోగ్యవంతుడిగానే చేరాడని భావించాలి. రుజువు భారం సైనికునిపై లేదు. వ్యాధి ముందే ఉన్నదని బోర్డు అంటే, కారణాలు వ్రాయాలి. సందేహం మిగిలితే ఆ ప్రయోజనం సైనికునికే చెందాలి. ఈ తీర్పు 1982 నాటి నియమాలపై ఆధారపడినది. 2023 సెప్టెంబరు 21 నుంచి కొత్త నియమాలు అమలులోకి వచ్చాయి. కనుక సేవనుంచి వైదొలగిన తేదీని ముందుగా చూసుకొని, దానికి తగిన వాదనను ఎంచుకోవాలి.

సోదరీమణులు ఒక విషయం ప్రత్యేకంగా గ్రహించాలి. కుటుంబ పింఛను మూడు విధాలు. సాధారణ కుటుంబ పింఛను మామూలు రేటున చివరి వేతనంలో 30 శాతం. మరణానికి సైనిక సేవతో సంబంధం ఉన్నట్లు తేలితే ప్రత్యేక కుటుంబ పింఛను 60 శాతం. యుద్ధరంగం వంటి పరిస్థితులలో మరణిస్తే ఉదార కుటుంబ పింఛను, అంటే చివరి వేతనమంతా. చివరి వేతనం 40,000 రూపాయలనుకుంటే ఈ మూడూ వరుసగా 12,000, 24,000, 40,000 రూపాయలు. సాధారణ పింఛనులోనూ తొలి సంవత్సరాలలో హెచ్చు రేటు లభిస్తుంది గనుక తేడా వెంటనే తెలియకపోవచ్చు. నెలనెలా ఏదో కొంత వస్తున్నదని ఊరుకోకండి. తక్కువ తరగతి పింఛను మంజూరు చేయడమంటే ఎక్కువ తరగతిని నిరాకరించడమే. దానిపైనా అప్పీలు చేయవచ్చు.

మార్గం ఇది. నిరాకరణ ఉత్తరం అందిన ఆరు నెలలలోగా మొదటి అప్పీలు. అదీ తిరస్కరింపబడితే మరో ఆరు నెలలలోగా రెండవ అప్పీలు. ఆ పిదప 2007 చట్టం ప్రకారం ఏర్పడిన సాయుధ దళాల ట్రిబ్యునల్. మన రెండు తెలుగు రాష్ట్రాలూ దాని చెన్నై బెంచి పరిధిలోనివి. తుది ఉత్తర్వు వచ్చిన ఆరు నెలలలోగా అక్కడ దరఖాస్తు చేయాలి; అప్పీలుపై ఆరు నెలలు గడిచినా జవాబు రాకపోతే కూడా ట్రిబ్యునల్‌ను ఆశ్రయించవచ్చు.

గడువు దాటినవారు నిరాశ చెందనవసరం లేదు. తర్సేమ్ సింగ్ అనే సైనికుడు 1983లో సేవనుంచి పంపబడి, 16 ఏళ్ల తరువాత కోర్టుకు వెళ్లాడు. పింఛను ప్రతి నెలా కొత్తగా కలిగే నష్టం గనుక ఆలస్యం ఒక్కటే కారణంగా దానిని తోసిపుచ్చరాదని సుప్రీంకోర్టు 2008లో చెప్పింది. అయితే బకాయిలను మూడేళ్లకే పరిమితం చేసింది. అంటే హక్కు మిగిలింది, పదమూడేళ్ల సొమ్ము పోయింది. ఆలస్యం వెల అంతటిది.

అప్పీలుకు బలం కాగితాలే. మెడికల్ బోర్డు నివేదిక ప్రతి, చేరేనాటి వైద్య పరీక్ష వివరాలు, ఆసుపత్రి పత్రాలు, పనిచేసిన చోట్ల జాబితా సేకరించండి. లేనివాటిని సమాచార హక్కు చట్టం కింద కోరండి. మన ఇళ్లలో మరొక చిక్కు పేర్లది. ‘షేక్’ ఒక కాగితంలో ముందు, మరొక దానిలో వెనుక ఉంటుంది. భార్య పేరు చివర ఒకచోట ‘బీ’, మరొకచోట ‘బేగం’. నిఖానామాలోని పేరు, సైనిక రికార్డులోని పేరు, ఆధార్‌లోని పేరు ఒకటిగా లేకపోతే, ఆయన జీవించి ఉండగానే సరిచేయించండి. దివ్యఖుర్ఆన్‌లోని అతి దీర్ఘమైన ఆయత్ అప్పు వ్యవహారాన్ని వ్రాసి పెట్టుకొమ్మని, సాక్షులను ఉంచుకొమ్మని బోధిస్తుంది. అటువంటి గ్రంథాన్ని నమ్మిన మనం కాగితం విషయంలో అజాగ్రత్తగా ఉండటం తగునా?

కొందరు, మన పేరు చూసే తిరస్కరించారని అంటారు. వివక్షకు ఆధారముంటే దానిపై పోరాడవలసినదే. కాని ముందుగా ఉత్తరంలో వ్రాసిన కారణాన్ని చదివి, దానికి జవాబివ్వండి. ధరంవీర్ సింగ్‌కూ, తర్సేమ్ సింగ్‌కూ ఎదురైనది ఈ గోడే. వారు సాధించిన తీర్పులు మన హవల్దారుకూ వర్తిస్తాయి.

మసీదు కమిటీల పెద్దలకు ఒక మనవి. నెలకొక జుమా నమాజు తరువాత, చదువుకున్న ఇద్దరు యువకులను ఒక బల్ల వద్ద కూర్చోబెట్టండి. వితంతువులు తెచ్చిన ఉత్తరాలను వారు చదివి, తేదీని, కారణాన్ని, గడువును తెలుగులో వ్రాసి ఇవ్వాలి. ఆ తరువాత జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి తోడు వెళ్లాలి. స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థ ద్వారా ఉచిత న్యాయసహాయం పొందే హక్కు ఉంది.

పింఛను భిక్ష కాదు. అది సైనికుడు తన శరీరంతో సంపాదించినది. అతడు లేనప్పుడు అది అతని పిల్లలకు చెందవలసిన అమానతు. ఈ రాత్రి ఇంటికి వెళ్లి పెట్టె తెరవండి. ఆ ఉత్తరంపై తేదీ ఎంతో చూడండి.

అల్లాహ్ మన శ్రమను స్వీకరించుగాక. ఆమీన్.