స్వభావం విత్తు – పెంపకం సాగు
(ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డెబ్బది ఐదు వసంతాలు నిండిన విద్యాలయపు ముంగిట పిల్లల పెంపకాన్ని గూర్చి ముచ్చటించుకొనడం సముచితం. పదహారేళ్లకు బడి విడిచిన పిల్లవాడు ఇరవై ఐదేళ్ల నాటికి ఎట్టి మనిషిగా నిలుస్తాడన్నదే ఇంటి పెంపకానికీ, బడి చదువుకూ అసలైన పరీక్ష.

ఒక తల్లి బిడ్డలైనా ఒక్క తీరుగా ఉండరు. ఒకడు కొత్తవారికి ఇట్టే చేరువవుతాడు. మరొకడు తల్లి కొంగు చాటున దాగుతాడు. న్యూయార్కులో అలెగ్జాండర్ థామస్, స్టెల్లా చెస్ అను వైద్య దంపతులు 1956లో మొదలుపెట్టి, పసిపిల్లలను ఏళ్ల తరబడి పరిశీలించారు. ఈ భేదాలు శైశవంలోనే కనిపిస్తాయనీ, పిల్లవాని స్వభావానికి పెద్దల తీరు పొసగినప్పుడే ఎదుగుదల సుగమమవుతుందనీ వివరించారు. విత్తును మనం మార్చలేము. సాగు మాత్రం మన చేతిలో ఉన్నది. రాగి పండే చెలకలో వరి పండలేదని నేలను నిందించే రైతు మన తొండేభావి ప్రాంతంలో ఉండడు గదా!

న్యూజిలాండులోని డునెడిన్‌లో 1972–73లో జన్మించిన వేయిమందికి పైగా పిల్లలను శాస్త్రజ్ఞులు పెద్దయ్యేవరకు అనుసరించారు. చిన్ననాడు నిగ్రహం అలవడినవారు 32 ఏళ్ల నాటికి ఆరోగ్యంలోనూ, ఆర్థిక స్థితిలోనూ మెరుగుగా ఉన్నారు. అంతకన్న ఆశాజనకమైన విషయం మరొకటి: ఎదిగే క్రమంలో నిగ్రహం పెంచుకొన్నవారు సైతం బాగుపడ్డారు. కనుక స్వభావం నుదుటి వ్రాత కాదు.

ఆ నిగ్రహం దండనతో వచ్చునా? 1960ల నుండి డయానా బామ్రిండ్ చేసిన పరిశోధనలు మూడు తీరులను గుర్తించాయి: కేవలం శాసించడం, అడ్డు లేక వదలివేయడం, ఆప్యాయతతో కట్టుబాటు నేర్పడం. మూడవదే మేలైనదని ఆమె చెప్పారు. కట్టుబాటుకు కారణం చెప్పాలి. పిల్లవాని మాట వినాలి. తుదకు మాట మీద నిలవాలి.

దృష్టాంతాలకు దూరం పోనక్కరలేదు. ముద్దేనహళ్లిలో తెలుగింట పుట్టిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు చిన్ననాడే తండ్రిని కోల్పోయారు. పిల్లలకు పాఠాలు చెప్పుకొంటూ బెంగళూరులో చదివి 1881లో పట్టభద్రులైనారు. వారిది క్రమశిక్షణకు ఒదిగిన స్వభావం. మన గౌరిబిదనూరు తాలూకా హొస్సూరులో 1920లో పేదయింట జన్మించిన హెచ్. నరసింహయ్యగారు ఉన్నత పాఠశాలలో చేరడానికి 1935లో బెంగళూరుకు కాలినడకన వెళ్లారు. వారిది ప్రశ్నించే స్వభావం. బెంగళూరు విశ్వవిద్యాలయ ఉపకులపతిగా ఉండి, 1976లో మహిమలను పరీక్షించే సంఘానికి అధ్యక్షత వహించారు. అటువంటి బిడ్డ మన ఇంట "ఎందుకు?" అని అడిగితే, "ఎదురు చెబుతావా?" అని నోరు మూయించమా?

తల్లిదండ్రులారా! పదవ తరగతి ఫలితాలు వచ్చిన నాడు మనం తీసుకొనే నిర్ణయాలు బిడ్డల జీవితాన్ని మలుస్తాయి. మాట తక్కువైన బాలుని మందమతి అంటాము. లెక్కలంటే ఇష్టం లేనివానిని సైన్సులో చేర్పిస్తాము. చదువుతానన్న బాలికను, సంబంధం వచ్చిందని ఇంట నిలుపుతాము. ఇంట తెలుగు, వీధిలో కన్నడం, పై చదువులో ఇంగ్లీషు – ఈ మూడింటి మధ్య తడబడే బిడ్డను తెలివి లేనివాడని తేల్చివేస్తాము. పద్దెనిమిదేళ్లు అన్నిటా మనమే నిర్ణయించి, పందొమ్మిదవ ఏట "నీకు బాధ్యత లేదు" అనడం న్యాయమా? చిన్న నిర్ణయాలు చిన్ననాడే చేయనిస్తేనే పెద్ద నిర్ణయాల బరువు మోయగలరు.

పూర్వ విద్యార్థులకు ఒక్క మనవి. హవాయిలోని కవాయి దీవిలో 1955లో పుట్టిన 698 మంది పిల్లలను ఎమీ వెర్నర్ బృందం దశాబ్దాలపాటు గమనించింది. మిక్కిలి కష్టాల నడుమ పెరిగినవారిలో సుమారు మూడవ వంతు సమర్థులైన యువతీయువకులుగా ఎదిగారు. వారికి అండగా నిలిచిన ఆప్తులలో తాతమ్మలు, అవ్వలు, ఉపాధ్యాయులు, ఇరుగుపొరుగువారు ఉన్నారు. ఇంట అండ లేని పిల్లలు ప్రతి తరగతిలో ఉంటారు. ఈ ఉత్సవ స్మృతిగా మీరు ఒక్కొక్కరు ఒక్కొక్క బిడ్డను ఇరవై ఏళ్లు దాటేవరకు పేరు పెట్టి పలకరించండి, వాని మాట ఆలకించండి. బడికి అంతకు మించిన కానుక లేదు.